రోగి పక్షమున నిలుచువారు

దుబాయి నగరపు తూర్పు కొసను, షార్జా సరిహద్దునకు చేరువగా, అల్ కుసైస్ అను పేట యున్నది. 2011 సెప్టెంబరులో ప్రారంభమైన మెట్రో ఆకుపచ్చ మార్గమునకు ఒక చివరి స్టేషను ఇచ్చటనే గలదు. మధ్యతరగతి కుటుంబములు నివసించు అంతస్తుల భవనములును, చిన్న కర్మాగారములును, గిడ్డంగులును, భారతీయ పాఠశాలలును కలగలసియున్న ఈ పేట ప్రక్కనే, మన కార్మికులు సోనాపూర్ అని వ్యవహరించు ముహైస్నా ప్రాంతమున, లేబర్ క్యాంపులు వరుసలు దీరియున్నవి. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, నిర్మల్ ప్రాంతములనుండి వచ్చిన తాపీపనివారును, ఇనుప కడ్డీలు కట్టువారును, పారిశుద్ధ్య కార్మికులును, గోదావరి జిల్లాలనుండియు కడప సీమనుండియు వచ్చిన డ్రైవర్లును వంటవారును అచ్చటి ఇరుకు గదులలో ఒకదానిపై నొకటిగా అమర్చిన మంచములపై నిద్రించి, తెల్లవారకమున్నే కంపెనీ బస్సులెక్కి పోవుదురు. నాగపూరునుండి వచ్చిన వైద్యురాలు జులేఖా దావూద్ 1992లో షార్జాయందును, 2004లో ఈ కుసైస్ పరిసరములయందును నెలకొల్పిన ఆసుపత్రులు మొదలుకొని పలు ప్రయివేటు వైద్యశాలలు ఈ జనసమూహమును ఆశ్రయించియే వృద్ధిపొందినవి. ఇట్టి వైద్యశాలలలో స్టెతస్కోపు ధరింపక, సూది పట్టక, మందు వ్రాయక, రోగికిని వైద్యమునకును నడుమ నిలిచి పనిచేయు ఒక తరగతి ఉద్యోగులున్నారు. వారిని గూర్చియు, వారి అవసరమును గూర్చియు, ఆ విషయమున మన సమాజమును మన ప్రభుత్వములును చూపుచున్న ఉపేక్షను గూర్చియు ఈ వ్యాసమున విన్నవింపదలచితిని.

ఆసుపత్రినిబట్టి వీరి ఉద్యోగనామము మారుచుండును. ఒకచోట పేషెంట్ కోఆర్డినేటర్ అందురు; మరియొకచోట పేషెంట్ రిలేషన్స్ ఆఫీసర్ అందురు; వేరొకచోట ఇన్సూరెన్స్ డెస్కువారందురు. పని మాత్రము ఒక్కటియే. జబ్బుతోను, భయముతోను, భాష తెలియనితనముతోను లోనికి వచ్చిన మనిషిని సకాలమున తగిన వైద్యునియొద్దకు చేర్చుట, వైద్యుడు చెప్పినది అతనికి అర్థమగునట్లు చేయుట, అతడు చెప్పలేకపోవుచున్నది వైద్యునికి అందునట్లు చూచుట, ఖర్చునకు భీతిల్లి చికిత్స మధ్యలో విడిచి పోకుండ కాచుట, తుదకు అతనిని క్షేమముగా బయటికి సాగనంపుట. ఈ పనిని పెక్కురు సంస్థ మర్యాదకు సంబంధించిన అలంకారముగా భావించుచున్నారు. నా అభిప్రాయము దీనికి పూర్తిగా భిన్నము. పరదేశమున ఒంటరిగా జబ్బుపడిన శ్రామికుని విషయమున ఈ పని చికిత్సలోనే ఒక అంగము. ఇది లోపించినచోట ఎంతటి నిపుణుడైన వైద్యుడును సగము చికిత్సయే చేయగలడు.

మన దేశమున ఈ పనిని జీతము లేక చేయుచున్నది కుటుంబము. హైదరాబాదు గాంధీ ఆసుపత్రియందుగాని, నిమ్స్‌నందుగాని, విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రియందుగాని, గుంటూరు, కర్నూలు పెద్దాసుపత్రులయందుగాని ఒక్క పూట నిలిచి చూచినవారికి ఈ సత్యము బోధపడును. రోగి ఒంటరిగా రాడు. అన్నయో, బావమరిదియో, మేనమామయో, పొరుగింటి చదువుకొన్న కుర్రవాడో వెంటవచ్చును. ఒకడు ఓ.పి. చీటీకై వరుసలో నిలుచును, ఒకడు పరీక్షల కాగితములు చేతబట్టుకొని అంతస్తులు ఎక్కి దిగుచుండును, ఒకడు రక్తదాతలను వెదకికొని వచ్చును, తల్లియో భార్యయో మంచము విడువక కూర్చుండి నర్సమ్మ చెప్పిన మాటను మరల మరల అడిగి తెలిసికొనును, ఊరినుండి పెద్దమనుష్యుడొకడు వచ్చి, "డాక్టరుగారూ, మావానికి నిజముగా ఏమైనది?" అని ధైర్యము చేసి ప్రశ్నించును. మన ఆసుపత్రుల నిర్వహణమంతయు, పైకి చెప్పకపోయినను, ఈ బంధువర్గపు సేవను లెక్కలోనికి తీసికొనియే సాగుచున్నది.

అల్ కుసైస్ ఆసుపత్రి గుమ్మము త్రొక్కిన తెలుగు కార్మికునకు ఈ బలగమంతయు సముద్రమునకు ఆవల నున్నది. గదిలోని సహవాసులు డ్యూటీలో నుందురు; ఒక దినము పని మానినచో వారి జీతము తెగును. కావున అతడు ఒంటరిగా వచ్చును, లేదా కంపెనీ ఫోర్‌మన్ వెంట వచ్చును. ఆ ఫోర్‌మన్ ఎంత మంచివాడైనను, అతని యెదుట ఏ కార్మికుడును తన జబ్బును పూర్తిగా చెప్పడు. ఎత్తైన పరంజాపై పనిచేయు మనిషి తనకు కండ్లు తిరుగుచున్నవని పై అధికారి వినుచుండగా ఏల చెప్పును? నెలరోజులుగా దగ్గు తగ్గలేదనిగాని, మూత్రములో రక్తము పడుచున్నదనిగాని, రాత్రులు నిద్రపట్టక చావు తలపులు వచ్చుచున్నవనిగాని ఏల చెప్పును? చెప్పినచో కొలువు పోవునేమో యను భయము ఒకవైపు, ఏజెంటుకు కట్టుటకై తెచ్చిన అప్పు ఊరిలో వడ్డీతో పెరుగుచున్నదను చింత మరియొకవైపు అతని నోరు కట్టివేయును. ఇండ్లలో పనిచేయు మన స్త్రీల దుఃస్థితి ఇంతకంటె కఠినము. వెంటవచ్చిన యజమానురాలి సమక్షమున, తెలియని భాషలో, పురుషులైన పరాయివారి నడుమ, స్త్రీ సహజములైన బాధలను వెల్లడించుట వారికి దాదాపు అసాధ్యము. రోగి ఆరోగ్య సమాచారమును రహస్యముగా కాపాడవలెనని ఈ దేశపు 2019వ సంవత్సరపు 2వ నెంబరు ఫెడరల్ చట్టము శాసించుచున్నది. కాని వైద్యుని గదిలో ఫోర్‌మన్ దుబాసీగా కూర్చుండి యున్నంతకాలము ఆ రహస్యము కాగితముపై నిలిచియుండునేగాని రోగికి అక్కరకు రాదు.

న్యాయముగా చెప్పవలెనన్న ఈ దేశపు శాసనములు కార్మికుని విస్మరింపలేదు. 2013వ సంవత్సరపు 11వ నెంబరు చట్టము ద్వారా దుబాయి తన నివాసులందరికిని ఆరోగ్యబీమాను నిర్బంధము చేసెను. ఉద్యోగి బీమా సొమ్మును యజమానియే చెల్లింపవలెను, జీతమునుండి కోయరాదు. అల్పవేతనుల కొరకు ఏర్పరచిన కనీస పథకమున సంవత్సరమునకు 1,50,000 దిర్హాముల వరకు చికిత్స లభించును. 2025 జనవరి 1 నుండి షార్జా, అజ్మాన్ మొదలైన ఉత్తర ఎమిరేట్లకును ఈ నిర్బంధబీమా విస్తరించినది. 2021వ సంవత్సరపు 33వ నెంబరు కార్మిక చట్టము ప్రొబేషను ముగిసిన ఉద్యోగికి సంవత్సరమున 90 దినముల అనారోగ్యపు సెలవు నిచ్చుచున్నది. అందు మొదటి 15 దినములకు పూర్తి జీతము, తరువాతి 30 దినములకు సగము జీతము, తక్కిన 45 దినములకు జీతము లేదు. మండువేసవిలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30నుండి 3 గంటలవరకు ఆరుబయట ఎండలో పని చేయింపరాదను నియమము కూడ గలదు. ఇవి శ్లాఘనీయములు. అయితే చట్టము కార్డు నిచ్చినది. ఆ కార్డును వాడుకొను విధము దగ్గరనుండి చూపగల మనిషిని ఇయ్యలేదు.

ఆ కార్డు ఏ క్లినిక్కున చెల్లునో, ఏ ఆసుపత్రిలో చెల్లదో కార్మికునకు తెలియదు. నిపుణుని చూచుటకు ముందు సాధారణ వైద్యుని చీటీ ఏల కావలెనో, స్కానింగునకు బీమా కంపెనీ అనుమతి ఎప్పటికి వచ్చునో, బిల్లులో ఐదింట ఒకవంతు తన్ను కట్టుమనుట నియమమో మోసమో, అతనికి చెప్పినవారు లేరు. పాసుపోర్టుపై ఇంటిపేరు ఒకవిధముగాను ఎమిరేట్స్ ఐడీపై మరియొకవిధముగాను పడియున్నచో, కౌంటరువద్ద "పేరు కలియుటలేదు" అను మాట విని, చికిత్స దొరకదని తలచి వెనుదిరుగువారు గలరు. 2022 నవంబరులో ఒంటిపేరు పాసుపోర్టులతో సందర్శన వీసాపై ప్రవేశమును ఈ దేశము నిలిపివేసినప్పుడు, ఇంటిపేరు గడి ఖాళీగానున్న మనవారెందరు కలవరపడిరో యెరిగినవారికి ఈ పేర్ల చిక్కు ఎంత వాస్తవమో తెలియును. ఇట్టి ప్రతి చిక్కును విప్పుటకు ఒక ఓపికగల మనిషి, కంప్యూటరుముందు పావుగంట, బీమా కంపెనీకి రెండు మూడు ఫోన్లు చాలును. ఆ మనిషి లేనప్పుడు అదే చిక్కు రోగిని మరల క్యాంపునకు పంపివేయును. అచ్చట అతడు మందులదుకాణమునుండి తెచ్చిన నొప్పిమాత్రతో పనిలోనికి పోవును. చివరకు ఏదో ఒక రాత్రి 998కి ఫోను చేసి అంబులెన్సును పిలువవలసివచ్చును.

ఈ ఉద్యోగి దినచర్యను కొంత విపులముగా వర్ణించుట అవసరము. ఏలయనగా ఈ పనియొక్క గురుత్వము దాని వివరములయందే యున్నది. గుండెనొప్పితో వచ్చిన తెలుగువాడు తరచుగా "గ్యాసు పట్టినది" అని చెప్పును. సోడా త్రాగి, వాము నమిలి, రెండు మూడు గంటలు ఓర్చుకొనియే వచ్చియుండును. ఎడమచేయి లాగుచున్నదా, చెమటలు పట్టినవా అని అతని భాషలో అడిగి, ఆ సమాధానమును మార్పు చేర్పు లేక క్షణములో నర్సునకు అందించుట ఈ ఉద్యోగి చేయగలిగిన సేవ. శస్త్రచికిత్సకు ముందు సంతకము కొరకు తెచ్చిన అంగీకారపత్రము ఆంగ్లములోను అరబ్బీలోను నుండును. చికిత్స స్వభావమును, దానివలన కలుగగల ప్రమాదములను రోగికి తెలిపి అతని సమ్మతి పొందవలెనని ఈ దేశపు వైద్యబాధ్యత చట్టము విధించుచున్నది. తెలియని భాషలోని కాగితముపై పెట్టిన సంతకము సమ్మతి యనిపించుకొనదని గ్రహించి, వైద్యుని ప్రక్కన నిలిచి వాక్యము వాక్యముగా వినిపించుట ఈ ఉద్యోగి కర్తవ్యము. వార్డులో చేరిన రోగి విషయము ఊరిలోని భార్యకు తెలుపవలెను. అటువైపు ఏడ్పు వినుచునే, వైద్యుడు చెప్పినదానికంటె ఎక్కువ ధైర్యము చెప్పక, తక్కువయు చెప్పక, నిలకడగా మాటలాడవలెను. కంపెనీ పీఆర్వోతో సెలవు కాగితముల విషయము నడపవలెను. డిశ్చార్జి నాడు ఏ మాత్ర ఉదయము వేసికొనవలెనో, ఏది అన్నము తిన్న తరువాతనో, ఏ లక్షణము కనబడిన వెంటనే తిరిగి రావలెనో చెప్పి, తిరిగి అతనిచేత చెప్పించి వినవలెను.

పక్షవాతము వచ్చి మాటపడిపోయినవాని సంగతి మరింత కష్టము. అతనిని స్వదేశమునకు పంపుటకు విమాన సంస్థకు వైద్యపత్రములు సమర్పింపవలెను; స్ట్రెచరునకై విమానములో అనేక ఆసనముల స్థలము కొనవలెను; వెంట నర్సును పంపవలెను; వీసా లెక్కలు తేల్చవలెను; దిగినచోట ఏ ఆసుపత్రిలో పడక దొరకునో ముందుగానే విచారింపవలెను. మరణమే సంభవించినచో మరణధ్రువీకరణ పత్రము, పోలీసు అనుమతి, పాసుపోర్టు రద్దు, భారత కాన్సులేటు పత్రము, ముహైస్నాలోని కేంద్రమున ఎంబామింగు, విమానాశ్రయపు కార్గో విభాగము అను వరుసను ఎరిగినవాడొకడు చేయి పట్టుకొని నడిపించినగాని మృతుని తమ్ముడో స్నేహితుడో ఆ దారిని దాటలేడు. ఇన్నిటిలో ఏ ఒక్కదానియందును ఈ ఉద్యోగి వైద్యము చేయడు, చేయరాదు. మందు పేరు చెప్పుట, పరీక్షాఫలితమునకు తనంతట అర్థము తీయుట, వైద్యుని మాటకు తన ఊహను జోడించుట అతనికి నిషిద్ధములు. ఎల్లలెరిగి చేయవలసిన సేవ గనుకనే దీనికి జాలిగుండె యొక్కటి చాలదు, శిక్షణయు కావలెను.

ఈ వృత్తికి చరిత్ర లేకపోలేదు. 1895లో లండనునగరపు రాయల్ ఫ్రీ ఆసుపత్రియందు మేరీ స్టూవర్ట్ అను ఆమెను ఇట్టి పనికి మొదటిసారిగా నియమించిరి. ఆమెను నియమించుటలోని ప్రథమోద్దేశము ఉదారమైనది కాదు. సొమ్ము చెల్లింపగలవారు ఉచితవైద్యమును వాడుకొనుచున్నారేమో కనిపెట్టుటకే ఆమెను కూర్చుండబెట్టిరి. కాని వచ్చినవారి స్థితిగతులను విచారించుచు విచారించుచు, ఆ పని క్రమముగా పేదరోగికి అండగా నిలుచు వృత్తిగా పరిణమించెను. 1905లో అమెరికాయందు బోస్టను నగరపు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో రిచర్డ్ కాబట్ అను వైద్యుడు, రోగి యింటిని, పనిని, ఆదాయమును ఎరుగక వ్రాసిన మందు వ్యర్థమగుచున్నదని గ్రహించి, సామాజిక సేవకులను తన వైద్యమునకు తోడు చేసికొనెను. మన దేశమున 1946లో బొంబాయి జె.జె. ఆసుపత్రియందు ఈ పద్ధతి మొదలైనది. తెలుగునాట 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైనప్పుడు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలోను, పథకములో చేరిన ఆసుపత్రులలోను ఆరోగ్యమిత్రలను నియమించిరి. కార్డు చూచి నమోదు చేయుట, ఏ చికిత్సకు పథకము వర్తించునో చెప్పుట, అనుమతి పత్రములు నడపుట, రోగి ఇల్లు చేరువరకు కనిపెట్టియుండుట వారి విధులు. ఆ పథకముయొక్క గుణదోషములను గూర్చి ఎన్ని వాదములున్నను, చదువురాని పల్లెటూరి మనిషి కార్పొరేటు ఆసుపత్రి అద్దాల తలుపు త్రోసికొని లోనికి పోగలిగినది ఆ కౌంటరులో తన భాష మాటలాడు ఒక మనిషి కూర్చుండియుండుటవలననే యని నేను నమ్ముచున్నాను. ఇట్టి అనుభవము చేతనున్న జాతి, తన బిడ్డలు లక్షలుగా పనిచేయుచున్న దేశమున ఆ అనుభవమును వినియోగింపకుండుట విచారకరము.

ఒక ఉదంతమును స్మరింతును. 2020 ఏప్రిల్ మాసమున కోవిడ్ సోకిన జగిత్యాల ప్రాంతపు కార్మికుడొకడు దుబాయిలోని ప్రభుత్వాసుపత్రియగు దుబాయి హాస్పిటల్‌లో చేరి, దాదాపు 80 దినములు చికిత్స పొంది కోలుకొనెను. అతని చికిత్సకైన బిల్లు 7,62,555 దిర్హాములు. మన రూపాయలలో కోటిన్నరకు పైమాట. గల్ఫ్ కార్మికుల రక్షణకై పనిచేయు ఒక తెలుగు స్వచ్ఛంద సంఘము ఆ విషయమును భారత కాన్సులేటు దృష్టికి తెచ్చెను; కాన్సులేటు ఆసుపత్రికి లేఖ వ్రాసెను; ఆసుపత్రి ఔదార్యముతో ఆ మొత్తమును మాఫీ చేసెను; ఆ కార్మికుడు జూలై మాసమున స్వదేశమునకు చేరెను. ఈ వార్తను చదివి మనమందరము ఆనందించితిమి; ఆసుపత్రి దయను కొనియాడితిమి. కాని ఆలోచించి చూడుడు: వైద్యులు అతని ప్రాణమును నిలిపిరి, ఆ ప్రాణమును ఇంటికి చేర్చినది ఒక కార్యకర్త పట్టుదల, ఒక అధికారి లేఖ. ఆ కార్యకర్తకు ఆ రోగి సంగతి తెలియకపోయిన యెడల ఏమి జరిగియుండెడిది? ఒక శ్రామికుని భవిష్యత్తు ఇట్లు యాదృచ్ఛికమైన పరిచయముపై ఆధారపడియుండుట న్యాయము గాదు. యాదృచ్ఛికమును ఏర్పాటుగా మార్చుటకే ఉద్యోగములు పుట్టినవి.

ఇక లోపములను పరిశీలింతము. పెక్కు ఆసుపత్రులలో ఈ ఉద్యోగులను బిల్లింగు విభాగము క్రిందనో, మార్కెటింగు విభాగము క్రిందనో ఉంచుచున్నారు. సొమ్ము వసూలు చేయువాని చేతి క్రింద పనిచేయువాడు రోగికి సొమ్ము మిగులు మార్గమును ఎట్లు నిర్భయముగా చెప్పగలడు? రోగి తృప్తిని చుక్కలలో కొలిచి, ఆ చుక్కలనుబట్టి ఉద్యోగిని అంచనా కట్టు పద్ధతి మరియొక లోపము. చదువు వచ్చి, ఫోనుపై చుక్కలు వేయగల రోగికి లభించు శ్రద్ధ, వ్రేలిముద్ర వేయు రోగికి లభింపదు. భాషాలోపము అన్నిటికంటె ముఖ్యము. ఈ ప్రాంతపు ఆసుపత్రులలో నర్సులును సిబ్బందియు అధికముగా కేరళీయులు. వారి సేవానిరతి ప్రశంసనీయము. మలయాళ రోగికి అందువలన సహజముగానే అండ దొరకుచున్నది. తెలుగువాని కట్టి అండ లేదు. రోగికి అర్థమగు భాషలో సమాచార మీయవలెనని అంతర్జాతీయ ఆసుపత్రి ప్రమాణసంస్థ యగు జేసీఐ తన నియమములలో స్పష్టముగా కోరుచున్నది. ఆ గుర్తింపు పత్రమును గోడకు వ్రేలాడగట్టిన ప్రతి ఆసుపత్రియు ఈ నియమమును తెలుగు కార్మికునికి కూడ వర్తింపజేయవలసియున్నది.

మనవారికి హిందీ వచ్చునుగదా యను ఆక్షేపణ వినవచ్చును. వచ్చును, సిమెంటు కలుపుమనుటకు, బస్సు ఎప్పుడని అడుగుటకు చాలినంత హిందీ వచ్చును. ఆయాసము ఎట్లు మొదలైనదో, నొప్పి ఎచ్చటనుండి ఎచ్చటికి ప్రాకుచున్నదో, మనస్సున ఏ దిగులు గూడుకట్టుకొన్నదో చెప్పుటకు తల్లిభాషయే కావలెను. ఫోనులోని అనువాద యంత్రములు చాలునని మరికొందరు చెప్పుదురు. ఆ యంత్రములు ఉపకరించును, కాదనను. కాని నిర్మల్ పల్లెల యాసను, భయముతో తెగిపోవు వాక్యములను, రోగి చెప్పక దాచిన మాటను యంత్రము పసిగట్టలేదు. రోగి తరఫున బీమా కంపెనీతో వాదింపలేదు. ఖర్చు మాట చెప్పువారికి నా సమాధానము సులభము. అర్థముకాని మందు తప్పుగా మ్రింగి తిరిగి చేరిన రోగి, అనవసరముగా రెండుమార్లు చేసిన పరీక్ష, తిరస్కరింపబడిన బీమా క్లెయిము, బిల్లు తేలక వారములకొలది నిండియుండిన పడక, ఇవన్నియు ఖర్చులే. ఒక ఉద్యోగి జీతము వీనియెదుట స్వల్పము.

కావలసిన ఏర్పాటు అసాధ్యమైనది కాదు. కార్మికులు అధికముగా వచ్చు ఆసుపత్రులలో ప్రతి షిఫ్టునందును తెలుగు తెలిసిన రోగిసహాయ ఉద్యోగి ఒకరైన ఉండవలెను. స్త్రీరోగులకొరకు స్త్రీలు ఉండవలెను. వారిని బిల్లింగు విభాగమునుండి వేరుపరచి, వైద్యసేవల అధికారి క్రిందనుగాని, నాణ్యతా విభాగము క్రిందనుగాని ఉంచవలెను. దుబాసీపనియందును, బీమా నియమములయందును, రోగి రహస్యమును కాపాడుటయందును వారికి శిక్షణ నిప్పించవలెను. ఫోర్‌మన్‌ను గది వెలుపల నిలిపి, మొదట రోగితో ఏకాంతముగా మాటలాడు నియమమును పాటింపవలెను. యజమానులు ప్రతి క్యాంపునందును ఒక చదువుకొన్న కార్మికుని గుర్తించి, కార్డు వాడుక, అత్యవసర లక్షణములు అతనికి నేర్పించి, ఆ సేవకు కొంత భత్య మీయవలెను. దుబాయిలో భారత ప్రభుత్వము నడపుచున్న ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రము 800 46342 నెంబరుపై పిలుపు లందుకొనుచున్నది. 2009లో నెలకొల్పిన భారతీయ సమాజ సంక్షేమనిధి ఆపదలోనున్నవారి అత్యవసర చికిత్సకు తోడ్పడుచున్నది. ఈ రెంటికిని ఆసుపత్రి వార్డునకును నడుమ నిత్యసంబంధము ఉండవలెను. ఆ సంబంధమును నిలుపువాడు ఈ ఉద్యోగియే.

రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములకు ప్రత్యేకముగా విన్నవించునది గలదు. 2023 డిసెంబరు 7 తరువాత గల్ఫ్ దేశములలో మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షల రూపాయల సహాయమును తెలంగాణ ప్రభుత్వము ప్రకటించినది, ఇది హర్షణీయము. ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సంస్థ ద్వారా బీమాను, సహాయకేంద్రమును నడపుచున్నది, ఇదియు మెచ్చదగినదే. అయితే జీవించియుండి, పడకపై నిస్సహాయుడై, చుట్టును పరాయిభాష వినుచున్నవానికి చేయవలసిన పని ఇంకను మిగిలియున్నది. అనుభవజ్ఞులైన ఆరోగ్యమిత్రలనుండి కొందరిని ఎంపికచేసి, ఈ దేశపు నియమములయందు శిక్షణ నిప్పించి, కాన్సులేటుద్వారా కార్మికప్రాంతములలో నిలుపవచ్చును. జబ్బుపడి తిరిగి వచ్చు కార్మికుని పేరు రేషనుకార్డునుండి తొలగియున్న యెడల అతనికి ఆరోగ్యశ్రీ అందక పోగలదు. అతడు విమానమెక్కకముందే ఆ సంగతి చక్కబరచి, ఇచ్చటి డిశ్చార్జి కాగితములను అచ్చటి ఆసుపత్రికి చేర్చు మార్గము కల్పింపవలెను. విదేశములకు పోవువారికి ఇచ్చు ప్రస్థానపూర్వ శిక్షణలో బీమాకార్డు వాడుకను ఒక పాఠముగా చేర్చవలెను. దుబాయి, షార్జాలలోని తెలుగు సంఘములు ఉగాదినాడును సంక్రాంతినాడును చేయు సాంస్కృతికోత్సవములతోపాటు, ఆసుపత్రులకు పోయి రోగులను పలుకరించు స్వచ్ఛంద సేవకుల పట్టికను కూడ సిద్ధము చేసికొనుట వారి ప్రతిష్ఠకు తగినది.

డిగ్రీలు చదివి, కొలువులకై చూచుచున్న తెలుగు యువతీయువకులకును ఒక మాట. ఆసుపత్రిలో పని యనగా వైద్యుడో నర్సో కావలెనను అపోహను విడువుడు. నాలుగు భాషలు, నిదానమైన మాట, లెక్కలయందు జాగ్రత్త, కన్నీటి యెదుట చలింపక నిలుచు గుండెనిబ్బరము గలవారికి ఇది గౌరవనీయమైన వృత్తి. జీతము మొదట స్వల్పముగా నుండవచ్చును. అలసట అధికముగా నుండును. చేసిన మేలు రికార్డులలో కనబడదు. అయినను ఒక మనిషి తన దేశమునకు నడిచి పోవుటకును, పెట్టెలో పోవుటకును నడుమ మీ మాట నిలువగల సందర్భములు ఈ వృత్తిలో వచ్చును.

మరణించినవాని కుటుంబమునకు సొమ్ము నిచ్చుట ధర్మము. బ్రదికియున్నవాని ప్రక్కన అతని భాష తెలిసిన మనిషిని నిలుపుట అంతకంటె ముందు చేయవలసిన ధర్మము. ఈ పని జరుగువరకు పాఠకులు తమంతట చేయగలిగినది ఒకటి గలదు. మీ అన్నయో, భర్తయో, కొడుకో గల్ఫ్‌లో నున్నచో ఈ రాత్రియే ఫోను చేసి అడుగుడు: బీమాకార్డు నీయొద్ద నున్నదా, కంపెనీ దాచినదా? అది ఏ ఆసుపత్రిలో చెల్లునో తెలిసికొంటివా? నీవు వేసికొను మాత్రల పేర్లు ఒక కాగితముపై వ్రాసియుంచితివా? సహాయకేంద్రపు నెంబరు నీ ఫోనులో నున్నదా? ఆ సమాధానములను మీరును వ్రాసికొని ఇంట భద్రపరచుడు.